బుచ్చయ్య తవ్విన రాయి

ముసునూరు పెద్దిరాజుని ఆగిరిపల్లి తోటల్లో అందరూ బర్మా పెద్దిరాజు అనేవాళ్లు. అలా పిలిచేవాళ్లలో సగంమందికి బర్మా ఏ దిక్కున ఉందో తెలియదు. సముద్రం అవతలెక్కడో ఉందనీ, అక్కణ్ణుంచి ఇతను నడిచి వచ్చాడనీ మాత్రం విన్నారు. అన్నని అడవిలో వదిలేసి ఒక రాయిని మోసుకొచ్చాడని కూడా విన్నారు. ఆ మాట అతని మొహాన ఎవరూ అనలేదు. అనకపోయినా, ఏ తోటలో పనికి వెళ్లినా అది తనకంటే ముందే అక్కడికి చేరి కూర్చునేదని పెద్దిరాజుకి తెలుసు.

తండ్రి పోయాక అన్నదమ్ములిద్దరికీ మిగిలింది రెక్కల కష్టమే. వానలు మొహం చాటేసిన ఒక ఏడు, కాకినాడ నుంచి మేస్త్రీ ఒకడు వచ్చి రంగూన్ బియ్యం మిల్లుల్లో పనుందన్నాడు. అన్న బుచ్చయ్యకి అప్పటికి పెళ్లయి ఏడాది తిరగలేదు. "మూడేళ్లు కళ్లు మూసుకో, వచ్చేస్తా" అని భార్య రమణమ్మతో చెప్పి, తమ్ముణ్ణి వెంటబెట్టుకుని ఓడెక్కాడు. మిల్లు పని ఎక్కువ కాలం నిలవలేదు. ఇంకో మేస్త్రీ చేతిలో పడి, టౌంగూ ఊరికి తూర్పున కొండల్లో ఉన్న ఒక గనికి చేరారు.

ఆ కొండల కడుపులో తెల్లటి పలుగురాతి మధ్య చారలు చారలుగా ఒక నల్లరాయి ఉండేది. దాని కోసమే అంత పనీ. మగవాళ్లు సొరంగాల్లో పగలగొట్టి బయటికి తోసేవాళ్లు. ఆడవాళ్లు నీళ్లలో కడిగి, తెలుపు పారేసి నలుపు ఏరేవాళ్లు. ఏరినదాన్ని పొడి చేసి, చిన్న చిన్న సంచుల్లో కుట్టి లారీలకి ఎక్కించేవాళ్లు. చూడ్డానికి దిండంత సంచి. ఇద్దరు పట్టుకుంటే గాని లేచేది కాదు.

అదేం రాయో ఎవరూ చెప్పలేదు. పెద్దిరాజుకి ఆ ధ్యాసే లేదు. కూలి ముట్టింది, కడుపు నిండింది, చాలు. బుచ్చయ్య అలాంటివాడు కాదు. మేస్త్రీని అడిగాడు. ఫిరంగులకి అన్నాడు మేస్త్రీ. పక్కన పనిచేసే గూర్ఖాని అడిగాడు. దొరల ఇళ్లలో ఇనప్పెట్టెలకి అన్నాడు అతను. ఆఫీసు గుమాస్తాని అడిగితే, "నీకెందుకోయ్, కూలి ఇస్తున్నారుగా" అన్నాడు.

"రేప్పొద్దున ఇంటికెళ్తాం. ఇన్నేళ్లూ ఏం తవ్వావని మీ వదిన అడుగుద్ది. ఏం చెప్పమంటావురా?" అనేవాడు బుచ్చయ్య.

"రాయి తవ్వామని చెప్పు."

"రాయి తవ్వడానికి సముద్రం దాటి పోవాలంట్రా? మనూళ్లో లేవూ రాళ్లు?"

యుద్ధం బర్మా మీద పడింది. రంగూన్‌లో బాంబులు వేశారన్న మాట వచ్చిన కొన్నాళ్లకి గనీ ఆగిపోయింది. దొరలు మోటార్లలో వెళ్లిపోయారు. కూలీలు ఎవరి దారి వాళ్లు చూసుకున్నారు. బయల్దేరే రోజు పొద్దున బుచ్చయ్య రాళ్ల కుప్ప దగ్గరికి వెళ్లి, పిడికిలికి కాస్త పెద్దదైన ముక్క ఒకటి ఏరి, జోలెలో వేసుకున్నాడు. "రమణకి చూపిత్తాను" అన్నాడు. పెద్దిరాజు నవ్వాడు. జనం కంచాలూ చెంబులూ కూడా దారిలో పారేసిన ప్రయాణం అది. ఆ రాయిని మాత్రం బుచ్చయ్య పారెయ్యలేదు.

ఆ ప్రయాణంలో బుచ్చయ్య పోయాడు. పెద్దిరాజు మణిపురం కొండలు దాటి, రైలెక్కి, కలకత్తా మీదుగా వానాకాలం మధ్యలో ముసునూరు చేరాడు. ఒళ్లంతా పుళ్లు, ఎముకల గూడు. రమణమ్మ అరుగు మీద కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. ఎదురుగా నిలబడ్డవాణ్ణి గుర్తుపట్టడానికి ఆమెకి కాసేపు పట్టింది.

"మీ అన్నేడి?" అంది లేచి.

దారి పొడుగునా పెద్దిరాజు ఈ ప్రశ్నకి జవాబు కూడబలుక్కుంటూనే వచ్చాడు. తీరా నోరు పెగల్లేదు. జోలెలోంచి రాయి తీసి అరుగు మీద పెట్టాడు.

"ఏంటిది?"

"అన్న తవ్విన రాయి, వదినా."

"ఏం రాయి?"

"తెలీదు."

రమణమ్మ ఆ రాయిని చూసింది. అతన్ని చూసింది. "మనిషిని అక్కడ పారేసి రాయి మోసుకొచ్చావా? అదేం రాయో కూడా తెలీకుండానే మోసుకొచ్చావా?" అని, కాలితో దాన్ని అరుగు కిందికి తోసేసింది. అది బురదలో సగం దిగబడింది. ఇరుగుపొరుగు అంతా చేరారు. పెద్దిరాజు వంగి, బురదలోంచి రాయి తీసుకుని, వచ్చిన దారినే వెనక్కి వెళ్లిపోయాడు. అన్న పోయాడని తరవాత ఇద్దరు ముగ్గురు పెద్దమనుషులకి చెప్పాడు. రమణమ్మతో మాత్రం మళ్లీ మాట్లాడింది లేదు.

ఆగిరిపల్లిలో నారాయణరావుగారని మామిడితోటలు కౌలుకి తీసుకునే ఆసామి ఉండేవారు. ఆయన పెద్దిరాజుని తోట కావలికి పెట్టుకున్నారు. కాపు లేనప్పుడు పాదులు తవ్వడం, కంచె కట్టడం. కాపు మొదలయ్యాక కోతలు, పెట్టెల్లో సర్దుబాటు. వలసంచి కట్టిన చిక్కం గెడతో కాయ కిందపడకుండా దించడంలో అతనికి మంచి చెయ్యి పడింది. చిన్నరసాల కాయ ఒక్కటి నేలకి తగిలినా పెట్టె మొత్తం కుళ్లిపోతుంది. అంచేత నారాయణరావుగారికి అతనంటే గురి. పాక, తిండి, ఏడాదికి రెండు పంచెలు. మనువు మాట ఎవరైనా ఎత్తితే పెద్దిరాజు లేచి పాదుల్లోకి వెళ్లిపోయేవాడు. రాయి పాకలో చాప చివర బరువుగా ఉండేది.

ఆరేళ్లు అలా గడిచాయి. దేశానికి స్వతంత్రం వచ్చింది. ఆ మరుసటి వేసవిలో, ఆవకాయ రోజుల్లో, నూజివీడు హైస్కూల్లో సైన్సు చెప్పే సోమయాజులు మాస్టారు కాయల కోసం తోటకి వచ్చారు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఏదో వెతుక్కుంటున్నట్టు ఉండే మనిషి. పెద్దిరాజు నాటు పుల్లకాయలు కోసి పాక ముందు పరిచిన చాప మీద పోశాడు. ఉన్నట్టుండి గాలి లేచింది. ఎగరబోయిన చాప చివరని పట్టుకోబోయి మాస్టారు దాని మీది రాయిని ఇటు జరుపుదామని ఎత్తారు. చెయ్యి కిందికి జారింది.

"ఓరి నీ... ఏంటయ్యా ఇది! సీసమా?"

"రాయండీ."

"రాయైతే ఇంత బరువుంటుందా? ఎక్కడిది?"

"బర్మాదండీ. అక్కడ గనిలో తవ్వామండీ." ఆరేళ్లుగా ఎవరినీ అడగని మాట అడిగాడు పెద్దిరాజు. "మీకేమన్నా తెలుస్తుందాండీ, ఇదేం రాయో?"

మాస్టారు కాయల సంగతి మర్చిపోయి రాయిని ఎండలో తిప్పి తిప్పి చూశారు. గోటితో గీకారు. వాసన కూడా చూశారు. "ఇనుప రాయేమో అనుకుంటున్నా. కాదేమో కూడా. నాకు తెలీదయ్యా" అన్నారు చివరికి. "బడికి సెలవులేగా. ఆదివారం దీన్ని తీసుకుని రా. కనుక్కుందాం."

తెలీదు అన్న మాట చదువుకున్న మనిషి నోట అంత తేలిగ్గా రావడం పెద్దిరాజు ఎప్పుడూ వినలేదు. ఆదివారం తెల్లారేసరికే నూజివీడు దారి పట్టాడు.

సెలవుల బడి బోసిగా ఉంది. లేబరేటరీ గది తాళం మాస్టారి దగ్గరే ఉంటుంది. ముందు రాయిని త్రాసుకి దారంతో వేలాడదీసి తూచారు. తరవాత నీళ్లలో మునిగేలా వేలాడదీసి మళ్లీ తూచారు. కాగితం మీద ఏదో లెక్క కట్టి, కనుబొమలు ఎగరేశారు. అంతే పరిమాణం నీళ్లకంటే ఏడురెట్లకి పైగా బరువుంది. మామూలు రాయి మూడు రెట్లు కూడా ఉండదట. అయస్కాంతం దగ్గరికి తెస్తే అంటీ అంటనట్టు కదిలింది. ఇనుప రాయే అయితే ఇంకా గట్టిగా పట్టుకోవాలనో, అసలు ఇంత బరువే ఉండకూడదనో మాస్టారు తనలో తాను గొణుక్కున్నారు.

"కొంచెం ముక్క కావాలి. పగలగొడితే నీకు అభ్యంతరమా?"

పెద్దిరాజు "నేనే కొడతానండీ" అని, రాయిని తిప్పి చూసుకుని, సుత్తితో అంచు మీద ఒక్కటి వేశాడు. గోరంత పలక లేచి వచ్చింది. విరిగిన చోట నున్నగా, నల్లటి అద్దంలా మెరిసింది.

దానిలో సగం నూరి పొడి చేశారు. పొడిని గాజు గొట్టంలో వేసి, ఘాటైన ఆసిడ్ పోసి, ఆ పొగలు లోపల నిండకుండా వరండాలోకి తెచ్చి స్పిరిటు దీపం మీద మరిగించడం మొదలెట్టారు. చాలాసేపు పట్టింది. మాస్టారు చెమటలు కక్కుతూ అక్కడే కూర్చున్నారు. పెద్దిరాజు స్తంభానికి ఆనుకుని చూస్తున్నాడు. నల్లటి పొడి కరుగుతూ కరుగుతూ, అడుగున పసుపుపచ్చటి మడ్డి తేరింది. మాస్టారు లోపలికెళ్లి ఒక లావుపాటి పుస్తకం తెచ్చి, ఒక పేజీ చదివి, జింకు ముక్కలు రెండు అందులో వేశారు. బుస్సున పొంగింది. పసుపు మడ్డి అంచుల్లో నీలం పుట్టింది. చూస్తుండగానే గొట్టం మొత్తం సిరాబుడ్డిలా నీలమైపోయింది.

మాస్టారు లేచి నిలబడి, "దొరికింది!" అని గట్టిగా అరిచారు. చెట్టు మీది కాకులు లేచాయి.

"ఏంటండీ?"

"టంగ్‌స్టన్! మీరు తవ్వింది టంగ్‌స్టనయ్యా. రా, చూపిస్తా."

లోపల గోడకి ఒక పెద్ద పటం వేలాడుతోంది. గళ్లు గళ్లుగా, పంచాంగంలా ఉంది. పుస్తకం చూసి మాస్టారు తన చేత్తో గీసుకున్న పటం.

"లోకంలో ఏ వస్తువు తీసుకున్నా ఈ గళ్లలో ఉన్న మూలకాలతోనే తయారై ఉంటుంది. ఈ ఎడమ చివర చూడు. ఇవి నీళ్లు తగిలితే మండే మెత్తటి లోహాలు. ఆ కుడి చివర గాలుల జాతి. ఈ మధ్యలో పొడుగాటి దిమ్మె ఉందే, మన బతుకంతా ఇందులోనే ఉంది. నీ సుత్తి, పార ఇనుము. ఇదిగో ఇక్కడ. నీళ్ల బిందె రాగి, ఇక్కడ. కొత్త రూపాయి నికెలు. వెండీ బంగారం ఇదిగో ఈ పక్కన. వీటన్నిటినీ ట్రాన్సిషన్ మెటల్స్ అంటారు. తెలుగులో పరివర్తన లోహాలు అనుకో. ఈ చివరి గుణం నుంచి ఆ చివరి గుణానికి మారే దారిలో ఉన్నాయి గనక ఆ పేరు."

పెద్దిరాజు తల ఊపాడు. అర్థమైంది సగమే. కానీ ఇంత శ్రద్ధగా తనకి ఎవరూ ఏదీ చెప్పలేదు. అందుకే ఇంకా చెప్పమన్నట్టు నిలబడ్డాడు.

"గట్టిదనం, బరువు, మంటకి లొంగకపోవడం వీటి లక్షణం. రంగులు మార్చడం ఇంకోటి. మైలుతుత్తం నీలంగా ఉండేది రాగి వల్ల. అన్నభేది ఆకుపచ్చన ఇనుము వల్ల. కలరా వచ్చినప్పుడు బావిలో వేసే ఊదారంగు మందు మాంగనీసుది. ఇందాక నీ రాయి పసుపై, నీలమైంది చూశావుగా? పుస్తకం ప్రకారం నీ రాయిలో ఇనుము, మాంగనీసు, టంగ్‌స్టన్ మూడూ కలిసి ఉంటాయి. మూడూ ఈ దిమ్మెలోవే. ఇదిగో, ఈ గడి టంగ్‌స్టన్‌ది."

పెద్దిరాజు ఆ గడి దగ్గరికి వెళ్లాడు. అతనికి ఇంగ్లీషు రాదు. తెలుగూ అంతంత మాత్రమే. అయినా గడిలో ఉన్న ఒంటరి అక్షరాన్ని చూసి నిలిచిపోయాడు. పక్కపక్కన రెండు లోయలున్నట్టు ఉంది.

"ఈ గుర్తు నేనెరుగుదునండీ. సంచుల మీద నల్లరంగుతో ఇదే వేసేవాళ్లు. సంచి సంచికీ వేసేవాళ్లు."

"అది డబ్ల్యూ. దీనికి వుల్‌ఫ్రం అని ఇంకో పేరుంది. ఆ పేరులో మొదటి అక్షరం."

"వుల్‌ఫ్రం... గుమాస్తా ఆ మాట అంటుండేవాడండీ. తిట్టనుకున్నాం."

మాస్టారు నవ్వారు. పెద్దిరాజు కూడా కొంచెం నవ్వాడు. పటం అడుగున, మిగతావాటికి దూరంగా, రెండు వరసలు విడిగా గీసి ఉన్నాయి. కింది వరస మొత్తం కాగితం ముక్కల మీద రాసి అంటించినదే. "వీటినెందుకండీ వెలేశారు?" అన్నాడు వాటిని చూపించి.

"వెలి కాదయ్యా, చోటు చాలక. వీటి అసలు స్థలం పైన ఆ దిమ్మెలోనే. అక్కడ పెడితే పటం వీధి చివరిదాకా పోతుంది. వీటిని లోపలి పరివర్తన లోహాలనాలి. ఒకదానికొకటి కవలపిల్లల్లా ఉంటాయి, విడదీయడం మహా కష్టం. తోటలో పెట్రొమాక్సు లైటు వెలిగిస్తారు కదా? అందులో వేలాడే తెల్లటి మేంటిల్ వల వెలుగంతా థోరియం చలవే. తిరువాన్కూరు సముద్రపు ఇసకలోంచి తీస్తారు. దానికి పిసరంత సీరియం కలుపుతారు. సీరియం ఇదిగో పై వరసలో, థోరియం కింది వరసలో. ఆ పక్కనున్నది యురేనియం. జపాను మీద వేసిన మొదటి అణుబాంబు దాంతో చేసిందే. మొన్నమొన్నటిదాకా పుస్తకాల్లో యురేనియాన్ని సరిగ్గా నీ టంగ్‌స్టన్ కింద గడిలో కూర్చోబెట్టేవాళ్లు. యుద్ధం అయ్యాక, కాదు, దాని చుట్టాలు ఈ కింది వరసలో ఉన్నారన్నారు. నేను పటం గీసేసిన తరవాత తెలిసింది. అందుకే ఈ అతుకులు."

పెద్దిరాజు ఆ అతుకుల వైపు చూస్తూ, "ఆ థోరియం లైటు వెలిగిస్తుంది సరే. మేస్త్రీ ఫిరంగులకన్నాడు. మరి మాదేం చేస్తుందండీ?" అన్నాడు. మాది అన్నాడు.

"ఉక్కులో కలిపితే ఎర్రగా కాలినా అంచు పోని పనిముట్లు వస్తాయి. ఫిరంగులకన్న మాటా అబద్ధం కాదు. యుద్ధంలో అందుకే అంత గిరాకీ. కానీ అన్నిటికంటే పెద్ద పని వేరే ఉంది. కరెంటు బల్బు లోపల వెంట్రుకలాంటి తీగ ఉంటుంది. అది టంగ్‌స్టన్. లోహాలన్నిటిలోకీ కరగడానికి ఎక్కువ వేడి కావాల్సింది అదే. ఇనుము నీళ్లయిపోయే వేడిలో కూడా అది నిలబడి వెలుగుతుంది."

వెళ్లేముందు పెద్దిరాజు ఆ పేరు ఇంకోసారి చెప్పించుకున్నాడు. విరిగిన ముక్కలో మిగిలిన సగం మాస్టారి చేతిలోనే పెట్టి, రాయి మూటగట్టుకుని బయల్దేరాడు. దారి పొడుగునా టంగ్‌స్టన్, టంగ్‌స్టన్ అనుకుంటూనే నడిచాడు.

ఆ వారంలో కాయలకి వచ్చిన లారీని సాయంత్రం తోటలో నింపుతున్నారు. డ్రైవరు కొండయ్య ముందు లైటు విప్పి, మాడిపోయిన బల్బు తీసి కొత్తది వేస్తున్నాడు. పెద్దిరాజు ఆ పాతది అడిగి తీసుకున్నాడు.

"పోయిన బల్బుతో నీకేం పని?" అన్నాడు కొండయ్య.

"లోపల తీగ చూడాలి."

కొండయ్య కొత్త బల్బు వెలిగించాడు. మసక వెలుతుర్లో మామిడి మొదళ్లు ఒక్కసారిగా తెల్లగా లేచి నిలబడ్డాయి. పెద్దిరాజు ఆ వెలుగునే చూస్తూ ఉండిపోయాడు. పెట్టెలు ఎత్తిపట్టుకుని నిలబడ్డ కూలీలు అందుకోమని కేకలేశారు.

మర్నాడు నారాయణరావుగారి దగ్గర సెలవడిగి ముసునూరు వెళ్లాడు. ఆరేళ్లలో ఆ ఊళ్లో అడుగు పెట్టలేదు. రమణమ్మ పెరట్లో పిడకలు చరుస్తోంది. మనిషి చిక్కింది. చేతులకి మట్టిగాజులు, నుదుట బొట్టు అలాగే ఉన్నాయి. పోయాడని కళ్లతో చూసినవాడు తన ముందుకొచ్చి చెప్పేదాకా తీసేది లేదని ఆమె పంతం పట్టిందని పెద్దిరాజు తోటలో విని ఉన్నాడు. అవి చూడగానే కాళ్లు వెనక్కి లాగాయి. అయినా నిలబడ్డాడు.

"వదినా, నువ్వానాడు ఇదేం రాయని అడిగావు. ఇప్పుడు తెలిసింది. చెప్పిపోదామని వచ్చాను."

ఆమె పేడచేతులతో అలాగే చూసింది. పొమ్మనలేదు. పెద్దిరాజు నేల మీద గొంతుక్కూర్చుని, రాయి ఒక పక్కనా బల్బు ఒక పక్కనా పెట్టాడు. మాస్టారు చెప్పినవి తనకి గుర్తున్నంతవరకూ చెప్పాడు. ముందూ వెనకా అయ్యాయి. టంగ్‌స్టన్ అన్న మాట దగ్గర నాలుక మడత పడింది. బల్బుని ఎండకేసి పట్టి చూపించాడు. తెగిపోయిన సన్నటి తీగ లోపల తళుక్కుమంది.

"ఈ నల్లరాయిలోంచి తీసిందే ఇది. అన్నా నేనూ తవ్వింది ఇదే. లారీలకీ, పట్నాల్లో వీధులకీ అన్నిటికీ దీపాలు దీంతోనే."

రమణమ్మ చేతులు కడుక్కుని వచ్చి బల్బు తీసుకుంది. చాలాసేపు చూసింది. "ఇందుకా వెళ్లాడు?" అంది.

"కూలికే వెళ్లాం వదినా. ఇదని మాకేం తెలుసు? అన్న అడగని మనిషి లేడు. ఎవరూ చెప్పలేదు. గని మూసేసిననాడు ఈ రాయి ఏరుకున్నాడు. నీకు చూపించడానికి తెచ్చాడు. నేను మోసింది ఆఖరి దారే. అందాకా తనే మోశాడు."

"నాకా?"

"ఇన్నేళ్లు ఏం తవ్వావని అడుగుతావని. నీకోసమే."

ఆమె పెరటి అరుగు అంచు పట్టుకుని కూర్చుంది. కాసేపటికి, "చెప్పు. ఎట్టా పోయాడు?" అంది.

పెద్దిరాజు చెప్పాడు. నదులు దాటాక కొండల్లో వానలు పట్టుకున్నాయి. దారంతా జనమే. జారి పడ్డవాళ్లు, లేవలేనివాళ్లు. బుచ్చయ్యకి జ్వరం, ఆపైన విరేచనాలు. పెద్దిరాజు వీపున వేసుకుని నడిచాడు, దించి, మళ్లీ ఎత్తుకుని నడిచాడు. దారి పక్కన రేకుల షెడ్డు ఒకటి కనిపించింది. ఎవరో దొరసానులు, మన దేశం కుర్రాళ్లు అక్కడ మందులిస్తున్నారు. అందులో పడుకోబెట్టారు. మర్నాడు పొద్దెక్కాక ప్రాణం పోయింది.

"తెలివి ఉందా?"

"ఉంది. జోలె తడిమి రాయి ఉందో లేదో చూసుకున్నాడు. రమణకి చూపించు అన్నాడు. అంతే."

"ఆకలితో పోయాడా?"

"లేదు వదినా. ముందురోజు టీ ఇచ్చారు. బిస్కెట్టు ఇస్తే సగం నాకు పెట్టాడు."

"దహనం చేశావా?"

"కట్టె అంతా తడే. అంటుకోలేదు. గొయ్యి తీశాను. అందరినీ ఒక్కచోటే వేస్తున్నారు. నేనొప్పుకోలేదు. అన్నకి విడిగా తీశాను. తవ్వడం ఒక్కటే వచ్చు కదా మాకు."

"లోతుగా తీశావా?"

"తీశాను. పైన రాళ్లు పేర్చాను."

రమణమ్మ అప్పుడు ఏడ్చింది. పెద్దగా ఏమీ కాదు. మోకాళ్ల మీద తల పెట్టుకుని, చప్పుడు లేకుండా. పక్కింటివాళ్లు రాబోతే చెయ్యెత్తి వద్దంది. పెద్దిరాజు కదలకుండా కూర్చున్నాడు. ఆరేళ్ల కిందట నోరు పెగలనందుకు ఏమనాలో అతనికి ఇప్పటికీ తెలియలేదు.  కాసేపటికి ఆమె లేచి, లోపలికెళ్లి, గంజన్నం, ఎండుమిరపకాయ పచ్చడి తెచ్చి ముందు పెట్టింది.

"ఈ మాట ఆనాడే చెప్తే నిన్ను గెంటేదాన్నా?" అంది.

"రాయి ఏంటో కూడా తెలీనోణ్ణి, ఏం చెప్పను వదినా?"

ఆమె తిను అన్నట్టు చెయ్యి చూపించింది.

మంచిరోజు చూసి కర్మ చేయించారు. పెద్దిరాజే పిండం పెట్టాడు. ఆ రోజు రమణమ్మ గాజులు తీసింది. నలుగురు ఆడవాళ్లు చుట్టూ చేరి ఏడుస్తుంటే దూరంగా నిలబడ్డ పెద్దిరాజు తలెత్తలేకపోయాడు. తను చెప్పిన మాటే ఆ చేతుల్ని బోసి చేసింది. చెప్పకుండా ఉండాల్సిందేమో అని చాలా రోజులు మథనపడ్డాడు. ఒకసారి తెగించి ఆ మాట రమణమ్మనే అడిగాడు.

"ఎదురుచూడ్డం కంటే ఏడవడం నయం" అంది ఆమె. ఆ తరవాత అతను ఆ మాట ఎత్తలేదు.

రాయి రమణమ్మ దగ్గరే ఉండిపోయింది, గోడ గూట్లో. బడికిచ్చిన ముక్కని సోమయాజులు మాస్టారు అద్దాల బీరువాలో పెట్టి కింద పేరు రాశారు. ఒకరోజు పెద్దిరాజుని పిలిచి చూపించారు కూడా. అతను చూసి, బాగుందండీ అన్నాడు. పటంలో కాగితం అతుకులు తీసేసి కింది వరస కొత్తగా గీశారని గమనించాడు. ఆ మరుసటి ఏడు మాస్టారికి గుడివాడ బదిలీ అయింది.

అన్నని వదిలి వచ్చాడన్న మాట ఊళ్లో ఒక్కసారిగా ఏమీ పోలేదు. కానీ అది వినపడ్డ చోటల్లా రమణమ్మ నోరు చేసుకోవడం మొదలెట్టింది. ఆమెతో పెట్టుకోవడం కష్టం. మెల్లిగా ఆ మాట వాడుకలోంచి తప్పుకుంది. బర్మా పెద్దిరాజు అన్న పేరు మాత్రం మిగిలింది.

నలభైతొమ్మిదో సంవత్సరం కాపుకి రమణమ్మ ఆగిరిపల్లి తోటలో సర్దుబాటుకి కుదిరింది. కాయ తొడిమ చూసి పండే రోజు చెప్పేది. పచ్చిదీ దోరదీ ఒకే పెట్టెలో వెయ్యనిచ్చేది కాదు. ఎండుగడ్డి పరచడంలో ఎవరు బద్ధకించినా పెట్టె మళ్లీ విప్పించేది. నారాయణరావుగారు మొదట విసుక్కున్నా, మద్రాసు వెళ్లిన పెట్టెల్లో కుళ్లు తగ్గిందని తెలిసి ఊరుకున్నారు. మరిదీ వదినా పనిలో గట్టిగానే పోట్లాడుకునేవాళ్లు.

ఒక మధ్యాహ్నం లారీ రాలేదు. ఆకాశం మబ్బేసింది. కాయలు బళ్లకెత్తి బాపులపాడు వైపు, స్టేషనుకి తోలారు. దారిలో వాన అందుకుంది. పెట్టెల మీద తాటాకు చాపలు కప్పి, పెద్దిరాజు బండి పక్కనే నడుస్తున్నాడు. రమణమ్మ ఒక చాప తల మీద వేసుకుని పెట్టెల నడుమ కూర్చుంది.

"అక్కడ వానలు ఇట్టాగే ఉంటాయా?" అంది ఉన్నట్టుండి.

"ఇదేం వాన! అక్కడ మొదలైతే నెలల తరబడి ఆగదు."

"మీ అన్న ఏం చేసేవాడు అప్పుడు?"

పెద్దిరాజు కాస్త ఆలోచించాడు. "ఒకసారి ఏమైందో తెలుసా? వాళ్లు చేపల్ని కుళ్లబెట్టి ముద్ద నూరి తింటారు. ఙపి అంటారు దాన్ని. అన్నానికి చింతకాయ పచ్చడి దొరికిందిరా అని అన్న సంబరపడిపోయి, ఇంత ముద్ద కలుపుకుని నోట్లో పెట్టుకున్నాడు..."

"అయ్యో!"

"మింగనూ లేడు, వడ్డించిన ముసలమ్మ ముందు ఉమ్మనూ లేడు. కళ్లమ్మట నీళ్లు కారుతుంటే, బాగుందమ్మా బాగుందమ్మా అని తల ఊపాడు. ఆవిడ మురిసిపోయి ఇంకో గరిటె వేసింది."

రమణమ్మ చాప కింద పగలబడి నవ్వింది. ఎద్దులు బురదలో కాళ్లీడుస్తూ సాగాయి. "తరవాత?" అంది నవ్వు ఆపుకుంటూ. పెద్దిరాజు మొహం మీది వాననీళ్లు తుడుచుకుని, తరవాత ఏమైందో చెప్పడం మొదలుపెట్టాడు.